అడ్డుచెక్కకు అటూ ఇటూ

నా రికార్డుల అలమరలో మూడో అరకు సరిగ్గా నడుమ ఒక అడ్డుచెక్క ఉండేది. దానికి ఎడమవైపు 1968 దాకా వచ్చిన జాజ్ రికార్డులు, కుడివైపు ఆ తరువాతివి, అంటే ఎలక్ట్రిక్ పియానో, ఎలక్ట్రిక్ గిటారు చొరబడిన జాజ్-రాక్ రికార్డులు. చెక్క పెట్టింది నేనే. రికార్డులు పక్కకు ఒరిగితే ప్లేట్లు వంకరపోతాయన్న భయంతో పెట్టాను గాని, కొన్నాళ్లకు అది పొలం గట్టు మీది సరిహద్దు రాయిలా తయారైంది. ఇంటికి వచ్చే జాజ్ ప్రియులు ఎడమవైపు ఒక్కొక్క అట్టనూ ఆప్యాయంగా తీసి చూసేవారు, కుడివైపుకు వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకునేవారు. వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చి న్యూజెర్సీలో స్థిరపడి, నలభై ఏళ్లుగా రికార్డులు కొంటున్నారు. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఏ రికార్డు ఎందుకు కొనాలో చెప్పి నా చెవులకు దారి చూపించినవారు ఆయనే. ఒకనాడు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు 'బిచెస్ బ్రూ' అట్టను చూసి, "ఇదెందుకు కొన్నావయ్యా, ఇది కత్తెరతో చేసిన సంగీతం" అన్నారు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను, ఎందుకంటే చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. జాజ్ అంటే మనోధర్మం, వాయించే క్షణంలోనే పుట్టేది. రికార్డు ఆ క్షణానికి సాక్షి. సాక్ష్యాన్ని దిద్దితే అది దొంగసాక్ష్యం. తర్కం చాలా శుభ్రంగా ఉంది. జాజ్-రాక్ మీద మామూలుగా మోపే నేరాలు మూడు: డబ్బు కోసం చేశారు, కరెంటు వాయిద్యాలతో నాదాన్ని పాడుచేశారు, టేపును కోసి అతికించారు. మొదటి రెండింటినీ త్వరగా తేల్చేస్తాను. అసలు పేచీ మూడోదానితోనే.

డబ్బు ఎవరికి చేదు? 1970 మార్చిలో మైల్స్ డేవిస్ న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాలులో రాక్ సంగీతకారులు నీల్ యంగ్, స్టీవ్ మిల్లర్‌ల కచేరీలకు ముందు వాయించడానికి ఒప్పుకున్నప్పుడు, రాక్ వినే కుర్రకారు జేబులో డాలర్లు ఆయనకు కనిపించలేదని నేను వాదించను. స్టాన్లీ క్రౌచ్ వంటి విమర్శకులు ఆయన అమ్ముడుపోయాడనే రాశారు. కాని అమ్మకాలే నేరమైతే మొదటి ముద్దాయి 1959లో వచ్చిన పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ రికార్డు 'టైమ్ అవుట్' కావాలి. దానిలోని 'టేక్ ఫైవ్' రేడియోల్లోనూ జూక్‌బాక్సుల్లోనూ మోగినంతగా ఆ కాలపు జాజ్ పాట మరొకటి మోగి ఉండదు. ఆ రికార్డు నా పెద్దాయన ఇంట్లో రెండు ప్రతులుంది, ఒకటి మోనో, ఒకటి స్టీరియో.

కరెంటు వాయిద్యాల ఫిర్యాదుకు నా దగ్గర ఉన్న జవాబు చెవిది కాదు, చేతిది. మా అమ్మ పాడుతుంటే పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఏ సంగీతం విన్నా నా చేయి ముందు లెక్క పెట్టడం మొదలుపెడుతుంది. హాస్టల్లో ఒక సీనియర్ ఇచ్చిన క్యాసెట్‌లో 'టేక్ ఫైవ్' మొదటిసారి విన్నప్పుడు అయిదు అక్షరాలు అని గుర్తుపట్టి ఖండచాపు వేయబోతే చేయి తడబడింది. మన చాపులో రెండు, మూడు. ఇక్కడ మూడు, రెండు. అదే రికార్డు మొదటి పాట 'బ్లూ రోండో'లో తొమ్మిది అక్షరాలు, రెండు-రెండు-రెండు-మూడుగా పరుగెడతాయి. 1958లో ఇస్తాంబుల్ వీధుల్లో అక్కడి వాద్యగాళ్లు ఆ నడక వాయిస్తుంటే విని బ్రూబెక్ తెచ్చుకున్నాడు. ఇక చెక్కకు కుడివైపు చూడండి. గిటారు వాద్యకారుడు జాన్ మెక్లాఫ్లిన్ నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రా 1971లో ఇచ్చిన మొదటి రికార్డులో ఒక పాట పది అక్షరాల మీద తిరుగుతుంది. 1973 నాటి 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' మొదటి పాట పద్దెనిమిది మీద. బిల్లీ కాబమ్ డ్రమ్ములు, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, రెండు మెడల గిటారు అన్నీ కలిసి ఇంటి గోడలు అదరగొడుతున్నా, కింద జరుగుతున్న లెక్క బ్రూబెక్ లెక్కకు పెద్దన్న వంటిదే. మెక్లాఫ్లిన్ ఆ రోజుల్లోనే వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకుంటున్నాడని తెలిశాక నా చేతికి ఆశ్చర్యం తగ్గింది. యాంప్లిఫయర్ గోల నచ్చకపోతే నచ్చలేదని చెప్పుకోవచ్చు. అది రుచికి సంబంధించిన విషయం. దాన్ని పట్టుకుని చరిత్రను రెండు ముక్కలు చేయడం మాత్రం సబబు కాదు.

ఇక కత్తెర.

కత్తెర పడని సంగీతానికి జాజ్ లోకమంతా చూపించే ప్రమాణం మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్ ముప్పయ్యో వీధిలో పాత చర్చిని స్టూడియోగా మార్చిన కొలంబియా వారి భవనంలో, ఆ రెండు రోజుల్లోనే రికార్డయింది. అట్ట వెనుక పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ రాసిన పరిచయం నాకు దాదాపు కంఠతా వచ్చు. జపాను దేశంలో ఒక చిత్రకళ ఉందనీ, బిగించిన పలుచటి కాగితం మీద సిరాతో గీసేటప్పుడు కుంచె ఒక్క క్షణం అసహజంగా ఆగినా కాగితం చిరిగిపోతుందనీ, అక్కడ చెరపడానికీ దిద్దడానికీ వీలుండదనీ, ఈ రికార్డూ అటువంటిదేననీ ఆయన రాశాడు. చాలా అందమైన పరిచయం. మొదటిసారి పూర్తిగా వాయించినదే ప్రతి పాటకూ ఖాయమైందని కూడా దానిలో ఉంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు: చివరి పాట 'ఫ్లమెంకో స్కెచెస్'ను మొదట ఒకసారి చివరి దాకా వాయించారు, దాన్ని పక్కన పెట్టి మళ్లీ వాయించిన దాన్నే రికార్డుకు ఎక్కించారు. పక్కన పెట్టిన ఆ మొదటి ప్రయత్నం తరువాతి ముద్రణల్లో దొరుకుతుంది. అదీ బాగానే ఉంటుంది. ఎవాన్స్ అబద్ధమాడాడని నా ఉద్దేశం కాదు. ఒక ఆదర్శాన్ని వర్ణించాడు, మనం దాన్ని వార్తగా చదువుకున్నాం.

ఆ ఎవాన్సే 1963లో 'కన్వర్సేషన్స్ విత్ మైసెల్ఫ్' చేశాడు. పియానో మీద ఒక వరుస వాయించి, దాన్ని వింటూ దాని మీద రెండోది, ఆ రెండింటినీ వింటూ మూడోది వాయించాడు. వినిపించే మూడు పియానోలూ ఒక్క మనిషివే. చిరిగిపోయే పలుచటి కాగితం గురించి రాసిన చేయి నాలుగేళ్లు తిరక్కుండా అదే కాగితం మీద మూడు పొరలు వేసింది, దానికి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. నా పెద్దాయన అలమరలో ఈ రికార్డు కూడా ఉంది. ఆయన దాన్ని ఎంతో గౌరవంగా తీసి, అంచులు పట్టుకుని, దుమ్ము తుడిచి పెడతారు. ఎవాన్స్ పేరుండటం వల్ల ఆ పొరలు ఆయనకు ఎబ్బెట్టుగా తోచలేదేమో.

1959కే మళ్లీ వెళదాం. అదే స్టూడియోలో అదే ఏడాది బాస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ 'మింగస్ ఆ ఉమ్' రికార్డు చేశాడు. ఎడమవైపు వాళ్లకు వేదం వంటి రికార్డు. అందులోని తొమ్మిది పాటల్లో ఆరింటిని ఎల్పీలో పట్టించడానికి కత్తిరించారు. ఎవరో ఒకరి సోలోలో కొంత భాగం ఎగిరిపోయింది. ఇరవై ఏళ్ల తరువాత, 1979లో, కత్తిరించిన ముక్కలను తిరిగి అతికించి పూర్తి నిడివితో విడుదల చేశారు. 1959 నాటి ఆ రికార్డుకు నిర్మాత టియో మసేరో. 'టైమ్ అవుట్'కూ ఆయనే నిర్మాత. పదేళ్ల తరువాత 'బిచెస్ బ్రూ' టేపుల ముందు కత్తెర పట్టుకుని కూర్చున్నదీ ఆయనే. ఈ సంగతి తెలిసిన రోజున నా చెక్క కొంచెం కదిలింది. మనిషి ఒకడే, కంపెనీ ఒకటే. ఎడమవైపు ఆయన పనిని మనం చూడలేదు, కుడివైపు దాచకుండా చేశాడు కాబట్టి పట్టుకున్నాం.

మింగస్ అంతటితో ఆగలేదు. 1963లో వచ్చిన 'ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ'లో చార్లీ మారియానో ఆల్టో శాక్సఫోను చాలాచోట్ల తరువాత విడిగా వాయించి చేర్చినదే, టేపు అతుకులూ ఎక్కువే. అయినా ఆ శాక్సఫోను ఏడుపు వింటుంటే అది ఎప్పుడు చేర్చారన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఈ మారియానో తరువాత మన నాదస్వరం నేర్చుకుని రికార్డులలో వాయించాడు. గుళ్లో ఊరేగింపు ముందు నడిచే వాద్యాన్ని ఒక బోస్టన్ మనిషి ఊపిరి బిగబట్టి వాయిస్తుంటే వినడం వేరే అనుభవం, దాని గురించి మరోసారి రాస్తాను.

నా మనసు మార్చింది మాత్రం వాదాలు కాదు, మైల్స్ డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే' రెండో పక్క. ఒక పాతరికార్డుల దుకాణంలో నేల మీద పెట్టిన డబ్బాలో, అట్ట మూల నలిగి, మూడు డాలర్లకు దొరికింది. ఇంటికి తెచ్చి మెత్తటి బ్రష్షుతో, డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఆరబెట్టి, సూది పెట్టాను. ఈ పక్క మొదట్లో డ్రమ్ములు లేవు. మెక్లాఫ్లిన్ గిటారు ఒక్కటే, నిన్ననే తీగ పట్టుకున్నవాడిలా, ఒక్కొక్క స్వరం తడుముకుంటూ వస్తుంది. గిటారు వాయించడం రానివాడిలా వాయించమని మైల్స్ చెప్పాడట, అతనూ అలాగే వాయించాడు. తరువాత వేన్ షార్టర్ సొప్రానో శాక్సఫోను అదే వరుసను అందుకుంటుంది, ఆ పైన మైల్స్ ట్రంపెట్. పాట రాసిన జో జావినుల్ దానికి కార్డులు, అంటే కలిపి మోగే స్వరాల గుత్తులు, చాలానే కూర్చాడు. మైల్స్ వాటినన్నిటినీ తీయించి, ఒకే ఆధారశ్రుతి మీద నిలబెట్టాడు. తంబూరా మీటి పెట్టినట్టు కింద ఒకే స్వరం నిలుస్తుంది, పైన మూడు వాద్యాలు ఒకే మాటను మూడు గొంతులతో చెబుతాయి. నాలుగు నిమిషాలు. అక్కడ టేపు తెగుతుంది. ఆ తెగిన చోటు వినిపిస్తుంది, ఎవరూ దాచలేదు. టోనీ విలియమ్స్ డ్రమ్ములతో పూర్తిగా మరో పాట మొదలవుతుంది, పది నిమిషాలకు పైగా సన్నగా బిగిసి బిగిసి ఒక్కచోట పగులుతుంది. మళ్లీ తెగుతుంది, మొదటి పాట తిరిగి వస్తుంది.

పల్లవికి తిరిగి వచ్చారనుకుని కొత్త సంగతుల కోసం చెవులు రిక్కించాను. ఒక్కటీ రాలేదు. గిటారు అదే తడబాటు, అదే చోట అదే ఆగడం, ట్రంపెట్ అదే గాలి. సూది ఎత్తి మొదటి నుంచి పెట్టి, మళ్లీ చివరికి పెట్టి సరిచూశాను: అదే టేపు ముక్కను మసేరో రెండోసారి అతికించాడు. రెండో పక్కలోనే కాదు, మొదటి పక్కలోనూ మొదటి ఆరు నిమిషాలే చివర తిరిగి వస్తాయి. ఆ సాయంత్రం నేను నిజంగానే మోసపోయినట్టు బాధపడ్డాను. మూడు డాలర్లే అయినా, ముప్పావు గంట కూడా లేని రికార్డులో పది నిమిషాలు రెండోసారి వినిపించారన్నది కోపం. అయితే ఆ కోపంతోనే దాన్ని నెలరోజులు రోజూ విన్నాను. మొదటిసారి ఆ గిటారు వస్తున్నప్పుడు డ్రమ్ములు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూస్తాం. రెండోసారి వచ్చేటప్పటికి డ్రమ్ములు వచ్చి వెళ్లిపోయాయని తెలుసు. ఏ వాద్యబృందమూ వేదిక మీద అదే పాటను అదే ఊపిరితో రెండుసార్లు వాయించలేదు. అది టేపుకే చేతనైన పని. సాక్ష్యాన్ని దిద్దడం అని నేను అనుకున్నది నిజానికి కూర్పు, స్వరకల్పనలో ఒక భాగం. 1969 ఫిబ్రవరి 18న ఒక్కరోజు వాయించినదాంట్లోంచి మసేరో ఎంత తీసేశాడో దానివల్లే అది ఇంత నిశ్శబ్దంగా ఉంది.

'బిచెస్ బ్రూ'ను నేను అంతగా ప్రేమించలేదని ఒప్పుకోవాలి. గొప్పదే, కాని నన్ను అలసిపోయేలా చేస్తుంది. 1969 ఆగస్టులో మూడు రోజులు వాయించినదాన్ని కోసి, అతికి, కొన్ని చోట్ల చిన్న ముక్కలను తిప్పి తిప్పి వేసి రెండు ప్లేట్లు చేశారు. రెండో పక్కలో ఉన్నది ఒకే పాట, నిడివి దాదాపు ఇరవై ఏడు నిమిషాలు. ఎల్పీ ఒక పక్కకు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు హాయిగా సరిపోతాయి. అంతకు మించితే గాళ్లను దగ్గరదగ్గరగా, లోతు తగ్గించి కోయాలి, ధ్వని స్థాయి తగ్గుతుంది. పైగా సూది ప్లేటు నడుమకు జరిగేకొద్దీ గాడి నడిచే వేగం పడిపోయి తీక్షణమైన స్వరాలు మసకబారతాయి. అందుకే ఈ పక్క పెట్టేటప్పుడు నేను వాల్యూమ్ రెండు గీతలు ఎక్కువ తిప్పుతాను, అప్పుడు గానీ బెనీ మాపిన్ బాస్ క్లారినెట్ అడుగున పాకుతున్న చప్పుడు తెలియదు. సీడీలో ఈ బాధ లేదు. కాని సీడీలో ఈ పాట ఎక్కడ ఊపిరాడక ఇరుకున పడిందో కూడా తెలియదు.

పెద్దాయన మాటలో నేను ఒప్పుకునే భాగం ఒకటి ఉంది. డెబ్బయ్యవ దశకం సగం దాటాక జాజ్-రాక్‌లో వేగం ఒక్కటే మిగిలిన రికార్డులు కుప్పలుగా వచ్చాయి. మృదంగం వాళ్ల తనియావర్తనం పల్లవి లేకుండా రెండు గంటలు సాగితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి అవి. నా దగ్గర ఇరవై దాకా ఉండేవి, ఇచ్చేశాను, పేర్లు కూడా గుర్తుపెట్టుకోలేదు. అయితే వాటి లోపం కత్తెర కాదు. వాటిలో చాలావరకు కోతలు లేనివే. కత్తెర పట్టుకుని ఇది చాలు, ఇది అక్కర్లేదు అని చెప్పే మసేరో లాంటి మనిషి పక్కన లేకపోవడమే వాటి జబ్బు.

మరి కోత లేని నిఖార్సైన రికార్డు కావాలంటే చెక్కకు కుడివైపే దొరుకుతుంది. మహావిష్ణు గోల నుంచి బయటికి వచ్చిన మెక్లాఫ్లిన్, ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, ఆర్. రాఘవన్ మృదంగం, టి.హెచ్. వినాయక్‌రామ్ ఘటంతో కలిసి శక్తి అనే బృందం కట్టాడు. వారి మొదటి రికార్డు 1975 జులై 5న లాంగ్ ఐలండ్‌లోని ఒక కళాశాలలో శ్రోతల ఎదుట వాయించినది, కరెంటు గిటారు లేదు. ఆ బృందమే చాలా ఏళ్లకు మళ్లీ కూడినప్పుడు వయొలిన్ చోట మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కూర్చున్నాడు. కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించి మన పెద్దలను ఒప్పించిన మనిషి మెక్లాఫ్లిన్ పక్కన కూర్చోవడంలో నాకు వింతేమీ కనిపించలేదు. కరెంటుతో నాదం చెడుతుందని అన్నవాళ్లకు చిన్నతనంలోనే జవాబు చెప్పి వచ్చినవాడు అతను.

వేన్ షార్టర్ ఒక్కడి వేలు పట్టుకుని నడిచినా ఆ చెక్క ఎక్కడా తగలదు. మా న్యూజెర్సీలోనే నెవార్క్‌లో పుట్టాడు. 1964 డిసెంబరు 9న ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో శాక్సఫోను వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డు చేశాడు. సరిగ్గా పదిహేను రోజులకు, క్రిస్మస్ ముందురోజున, అదే గదిలో, అదే ఎల్విన్ జోన్స్ డ్రమ్ముల మీద షార్టర్ 'స్పీక్ నో ఈవిల్' చేశాడు. అయిదేళ్లలో 'ఇన్ ఎ సైలెంట్ వే', 'బిచెస్ బ్రూ' రెండిట్లోనూ ఉన్నాడు. ఆ తరువాత జావినుల్‌తో కలిసి వెదర్ రిపోర్ట్ అనే బృందం. 1977లో స్టీలీ డాన్ అనే రాక్ బృందం వారి 'ఆజా'లో పేరుపాటకు వచ్చి ఒక సోలో వాయించి వెళ్లాడు, స్టీవ్ గాడ్ డ్రమ్ములు కింద ఉరుముతుంటే. ఆ శాక్సఫోనులో 1964 నాటి మనిషే ఉన్నాడు: తక్కువ స్వరాలు, వాక్యం మధ్యలో ఆగడం, అడిగినదానికి పక్కదారిన జవాబు చెప్పడం. షార్టర్ రికార్డులన్నిటినీ ఒకే వరుసలో పెట్టాలంటే నేను చెక్క తీయాల్సిందే, తీశాను. ఇప్పుడవి ఒరిగిపోకుండా రెండు ఇటుకలు పెట్టాను, చివర్లలో.

ఇది విని పెద్దాయన, "అయినా 'కైండ్ ఆఫ్ బ్లూ' వేరు" అన్నారు. అది వేరేనని నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే అది కూడా యంత్రం బిడ్డే. మార్చి 2న నడిచిన ప్రధాన టేపు యంత్రం కాస్త నిదానంగా తిరిగింది. దాన్ని సరైన వేగంతో వినిపించేసరికి మొదటి పక్కలోని మూడు పాటలూ అసలుకన్నా కొంచెం వేగంగా, శ్రుతి ఎక్కువై వచ్చాయి. ఆ రోజే పక్కన సరైన వేగంతో నడిచిన మరో యంత్రం టేపు నుంచి 1992లో దిద్దిన ముద్రణ వేశారు. అంటే ముప్పై మూడేళ్లు ప్రపంచమంతా ఆ పలుచటి కాగితం మీది గీతను కాస్త కుదించి చూసింది.

నా దగ్గర రెండూ ఉన్నాయి. పాతదాన్ని కొలంబియా వారి ఆరు కళ్ల లేబులు, అంటే ఆరు కంటి గుర్తులున్న లేబులుతో ఉన్న మొదటి ముద్రణ అని నమ్మించి ఒక వ్యాపారి నాకు అంటగట్టాడు. అట్ట పాతదే, లోపల ప్లేటుకు మాత్రం రెండే కళ్లున్నాయి, అంటే కొన్నేళ్ల తరువాతిది. డబ్బు వెనక్కి రాలేదు. దాన్నీ, దిద్దినదాన్నీ ఒకదాని తరువాత ఒకటి పెట్టి పెద్దాయనకు వినిపించాను. దిద్దినదే సరైనదని ఇద్దరం ఒప్పుకున్నాం. కాఫీ తాగాక ఆయన లేచి, మళ్లీ ఒకసారి వినాలని ఉందంటూ పాతదాన్నే పెట్టారు. క్యాసెట్ నాటి నుంచి నా చెవికి అలవాటైన శ్రుతీ అదే కాబట్టి నేనేమీ అనలేదు.